శివారుకు ఏ రైలు: మెట్రో పొడిగింపా, లైట్ రైలా?

విజయనగరం సభకు నమస్కారం.

విశాఖ మెట్రో మొదటి దశ కొమ్మాదిలో ఆగుతుంది. అక్కడి నుంచి భోగాపురం విమానాశ్రయం దాకా, అంటే సుమారు 30 కిలోమీటర్లు, తర్వాతి దశలో తెస్తామన్న ప్రతిపాదన ఉంది. అది మన జిల్లా గడప తొక్కే లైను. నగరంలో నడిచే మెట్రోనే శివారు దాకా లాగాలా, అది ఆగినచోట నుంచి తక్కువ పెట్టెలతో, చాలావరకు నేల మీదే నడిచే తేలికపాటి రైలు (లైట్ రైలు) వేయాలా అన్నది ఇప్పుడే తేల్చుకోవాలి. శివారుకు లైట్ రైలే సరిపోతుందని నా అభిప్రాయం. కానీ దానికి కొన్ని గట్టి షరతులున్నాయి.

ఈ ప్రశ్న తేలక కెనడాలో టొరంటో నగరం ఎంత నష్టపోయిందో చూడండి. స్కార్‌బరో శివారులో 1985లో ఆరు స్టేషన్ల చిన్న రైలు మొదలైంది. పెట్టెలు పాతబడ్డాక దాని స్థానంలో ఏడు స్టేషన్ల లైట్ రైలు వేయాలని 2012లో ఒప్పందం కుదిరింది. 2013లో దాన్ని పక్కనబెట్టి మూడు స్టేషన్ల సొరంగ మెట్రో అన్నారు. 2016లో ఒక్క స్టేషన్ చాలన్నారు. 2019లో మళ్ళీ మూడుకు వచ్చి, 7.8 కిలోమీటర్లకు 550 కోట్ల కెనడా డాలర్ల అంచనా వేశారు. ఈలోగా 2023 జూలైలో పాత రైలు పట్టాలు తప్పింది, ఇక నడవలేదు. జనం బస్సుల పాలయ్యారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఈ చివరి సంగతే.

మెట్రో కావాలన్నవాళ్ళ వాదనలో బలం లేకపోలేదు. టొరంటోలో రైలు మారే కెన్నెడీ స్టేషన్‌లో చిన్న రైలు పైఅంతస్తుకు వచ్చేది, మెట్రో అడుగున ఉండేది. రోజూ ఆ మెట్లు దిగి ఎక్కేవాడికి రైలు మారడమంటేనే విసుగు. నిలబడి ఎదురుచూసే నిమిషాన్ని మనిషి కూర్చుని ప్రయాణించే నిమిషానికి రెట్టింపుగా లెక్కేసుకుంటాడని రవాణా ప్రణాళికల్లో పరిగణిస్తారు. అయితే దానికి మందు సొరంగం ఒక్కటే కాదు. రెండు రైళ్ళూ ఒకే ప్లాట్‌ఫామ్‌కు అటూ ఇటూ ఆగేలా కట్టినా ఆ బాధ తీరుతుంది.

ఇప్పుడు ఇంటి నుంచి లెక్క వేద్దాం. ఎనిమిది కిలోమీటర్ల లైను అనుకోండి. మూడు స్టేషన్ల మెట్రో సగటున గంటకు 40 కిలోమీటర్ల వేగంతో 12 నిమిషాల్లో వెళ్తుంది. ఏడు స్టేషన్ల లైట్ రైలు తన సొంత దారిలో 28 కిలోమీటర్ల వేగంతో 17 నిమిషాలు తీసుకుంటుంది. మెట్రోకి ఐదు నిమిషాల లాభం. కానీ మూడు స్టేషన్లయితే స్టేషన్‌కీ స్టేషన్‌కీ మధ్య దూరం రెండున్నర కిలోమీటర్లు దాటుతుంది. మధ్యలో ఉన్నవాడు 1,300 మీటర్లు, అంటే 16 నిమిషాలు నడవాలి. ఏడు స్టేషన్లయితే అదే మనిషికి ఏడు నిమిషాల నడక. 20 మీటర్ల లోతు సొరంగ స్టేషనయితే ప్లాట్‌ఫామ్ చేరడానికి ఇంకో రెండు మూడు నిమిషాలు. రైలు ఆదా చేసిన ఐదు నిమిషాలూ నడకలోనే పోతాయి.

ఇక ఎంతమంది ఎక్కుతారన్నది. మూడు పెట్టెల లైట్ రైలులో సుమారు 300 మంది పడతారు. మూడు నిమిషాలకొకటి నడిపితే గంటకు ఒక దిక్కుకు 6,000 మంది. లైట్ రైలుకు 2019లో కేంద్రం మెట్రోలైట్ పేరుతో ఇచ్చిన ప్రమాణాలు గంటకు 15,000 మంది దాకా రద్దీని ఉద్దేశించినవి. ఖర్చు మామూలు మెట్రోలో 40 శాతమేనని అంచనా. ఆరు పెట్టెల మెట్రో గంటకు 50,000 మందిని మోయగలదు, నిజమే. శివారు పొలాల మధ్య ఆ 50,000 మంది ఎక్కడి నుంచి వస్తారు?

సొరంగం మాట వస్తే మన నేల గురించి చెప్పుకోవాలి. ఇక్కడ కింద ఉన్నది ఖోండలైట్ రాయి. ఒకచోట మట్టిలా చితుకుతుంది, పక్కనే గట్టి బండగా నిలుస్తుంది. సొరంగం తవ్వే యంత్రం ముఖం సగం బండకు, సగం మట్టికి తగిలితే దారి తప్పుతుంది, పైన నేల కుంగుతుంది. రాయిలోని గోమేధికపు గింజలు కోత పళ్ళను త్వరగా అరగదీస్తాయి. తీరం వైపు జరిగితే ఎర్ర ఇసుక, దానికి తోడు భూగర్భ జలం. తవ్వడం అయ్యాక కూడా జంట సొరంగాలను కలుపుతూ 244 మీటర్లకు మించని ఎడంతో అడ్డదారులు, ప్లాట్‌ఫామ్‌ను నాలుగు నిమిషాల్లో ఖాళీ చేసి ఆరు నిమిషాల్లో జనాన్ని సురక్షిత స్థలానికి చేర్చే ఏర్పాట్లు, పొగ లాగే ఫ్యాన్లు, నీళ్ళ పంపులు అన్నీ కావాలి. వీటి కరెంటు బిల్లు లైను ఉన్నంతకాలం ఉంటుంది. విశాఖ మొదటి దశను స్తంభాల మీదే ప్రతిపాదించడం మంచిదైంది.

లైట్ రైలు ఎక్కడ చెడుతుందంటే కూడళ్ళలో. మూడు నిమిషాలకొక రైలంటే రెండు దిక్కులూ కలిపి ప్రతి 90 సెకన్లకూ ఒకటి కూడలి దాటాలి. 120 సెకన్లకోసారి తిరిగే సిగ్నల్ దగ్గర ప్రతి రైలుకూ దారివ్వడం కుదరదు. పట్టాల మీదికి ఆటోలు రానిస్తే ఆ రైలు బస్సుకన్నా మెల్లగా నడుస్తుంది. పట్టాల కింద మంచినీటి గొట్టం వదిలేస్తే అది పగిలిన ప్రతిసారీ లైను ఆగుతుంది. రోడ్డులో పాతిన గాడి పట్టాల్లో తొలకరికి మట్టి, కంకర చేరతాయి. నీళ్ళు పోయే కాలువ లేకపోతే చక్రం పట్టా మీదికి లేస్తుంది.

అందుకే 16వ నంబరు జాతీయ రహదారి మధ్యలో, మలుపులు తిరిగే లారీల నడుమ నేల మీద రైలు నడపడానికి నేను ఒప్పుకోను. ఆనందపురం, తగరపువలస కూడళ్ళలో, గోస్తనీ నది మీద ఎత్తు దారి తప్పదు. ఆ చోట్ల నడుమ సర్వీసు రోడ్డు పక్కన కంచె వేసి నేల మీద నడపవచ్చు. ఏడు మీటర్ల ఎత్తుకు ఐదు శాతం వాలుతో 140 మీటర్ల ఎక్కుడు చాలు. లైట్ రైలు ఆ వాలు ఎక్కగలదు.

ఇంకో మాట: కొత్తవలస మీదుగా విశాఖకు ఇప్పటికే బ్రాడ్‌గేజ్ ఉంది. విజయనగరం పట్టణం నుంచి వెళ్ళేవారికి దాని మీద లోకల్ రైళ్ళు పెంచడమే అన్నిటికన్నా త్వరగా అయ్యే పని.

సమగ్ర నివేదిక మన ముందుకు వచ్చినప్పుడు మూడు సంగతులు అడగండి. రద్దీ గంటలో ఒక దిక్కుకు ఎంతమంది? కొమ్మాదిలో రైలు మారడానికి ఎన్ని మీటర్లు నడవాలి, ఎన్ని మెట్లు? ఏయే కూడళ్ళను నేల మీదే దాటుతారు? రెండోది అన్నిటికన్నా ముందు అడగాలి. కొమ్మాది స్టేషన్ నక్షా మొదటి దశలోనే ఖాయమవుతుంది. మెట్రో ప్లాట్‌ఫామ్ అవతలి అంచున, అదే ఎత్తులో, మరో జత పట్టాలకు చోటు అప్పుడే వదలాలి. స్తంభాలు లేచాక ఆ చోటు దొరకదు.