క్యూలో నిలబడక ముందే

శ్రోతలకు నమస్కారం.

అమెరికాలో ఇండియానా రాష్ట్రంలో సాంటా క్లాజ్ అని ఒక ఊరుంది. ఊరి పేరే అది. ఆ పేరు విన్న పిల్లలు అమ్మానాన్నల్ని సతాయించి అంత దూరం ప్రయాణం చేయించేవారు. తీరా వచ్చి చూస్తే ఊళ్లో సాంటా లేడు. మొహాలు వేలాడేసుకుని తిరిగి వెళ్లేవారు. అది చూసి లూయీ కోచ్ అనే పెద్దమనిషికి మనసు ఆగలేదు. తొమ్మిది మంది పిల్లల తండ్రి ఆయన. 1946 ఆగస్టు 3న అక్కడే సాంటా క్లాజ్ లాండ్ అనే పార్కు తెరిచాడు. డిస్నీలాండ్ కాలిఫోర్నియాలో మొదలైంది 1955లో కాబట్టి, ఇది దానికి తొమ్మిదేళ్ల ముందు మాట. 1984లో పేరు మార్చుకుని ఇప్పటికీ హాలిడే వరల్డ్‌గా నడుస్తోంది.

నాకు ఈ కథలో నచ్చింది కోచ్ గారి పరిశీలన. పిల్లలు దేనికోసం వచ్చారో ముందు చూశాడు, ఆ తర్వాతే పార్కు కట్టాడు. మా ఇంటిల్లిపాదీ మొదటిసారి క్రిస్మస్ సెలవుల్లో థీమ్ పార్కుకి బయల్దేరినప్పుడు సరిగ్గా ఆ పనే చెయ్యలేదు. టికెట్లు కొన్నాం, హోటల్ బుక్ చేశాం, పెట్టెలు సర్దాం. ఇల్లు అలకగానే పండగ అయిపోయిందనుకున్నాం. డిసెంబర్ 28న, పొద్దున పదకొండు గంటలకి తీరిగ్గా గేటు ముందు దిగాం. చీకటి పడేలోగా మేం ఎక్కినవి మూడంటే మూడు రైడ్లు. మిగతా పొద్దంతా ముందున్న వాళ్ల వీపులు చూస్తూ గడిచిపోయింది.

అందుకని ముందు తారీఖు సంగతి మాట్లాడుకుందాం. నన్నడిగితే ఈ ప్రయాణంలో ముప్పావు వంతు ప్లాను అక్కడే తేలిపోతుంది.

పార్కుల్లో క్రిస్మస్ చాలాచోట్ల నవంబర్ మధ్యలోనే వచ్చేస్తుంది. చెట్టు, దీపాలు, పెరేడు అన్నీ అప్పటికే సిద్ధం. బడులకి సెలవులిచ్చేది మాత్రం డిసెంబర్ 20 అటూ ఇటూగా. కాబట్టి డిసెంబర్ మొదటి రెండు వారాల్లో, శని ఆదివారాలు వదిలేసి వెళ్లగలిగితే, అవే దీపాలు, అదే పెరేడు, జనం మాత్రం పలచగా ఉంటారు. పిల్లల బడి రెండు రోజులు పోతే పోయిందని నేనంటాను. మా ఇంట్లో దీనికి ఇంకా ఏకాభిప్రాయం రాలేదు. ఇక 25 నుంచి జనవరి 1 దాకా ఉండే వారం ఉంది చూశారూ, అది ముసళ్ల పండగ. ఫ్లోరిడాలో డిస్నీ వాళ్ల మ్యాజిక్ కింగ్‌డమ్ అంతటి పార్కు కూడా ఆ వారంలో నిండిపోయి, ఇక లోపలికి ఎవర్నీ వదలం అని గేట్లు ఆపేసిన రోజులున్నాయి.

తారీఖు ఖాయం చేసుకునే ముందు ఆ పార్కు కాలెండరు ఒకసారి కళ్లారా చూడండి. ఒక్కో చోట ఒక్కో లెక్క. టోక్యో డిస్నీలాండ్‌లో క్రిస్మస్ వేడుక మామూలుగా డిసెంబర్ 25తో ముగిసిపోతుంది, తర్వాత కొత్త సంవత్సరం అలంకరణ వస్తుంది. 27న వెళ్లి క్రిస్మస్ చెట్టు ఏదీ అంటే ఎవరేం చేస్తారు? జర్మనీలోని యూరోపా పార్క్ చలికాలంలో కూడా కొన్ని వారాలు తెరిచే ఉంటుంది గానీ, డిసెంబర్ 24, 25 తేదీల్లో మూసేస్తారు. పండగ రోజునే వెళ్దామనుకున్న వాళ్లు గేటుకి దండం పెట్టి రావాల్సిందే.

మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ఇంకో మెలిక ఉంది. నవంబర్, డిసెంబర్ నెలల్లో కొన్ని రాత్రులు అక్కడ ప్రత్యేక క్రిస్మస్ పార్టీ పెడతారు. దానికి టికెట్ వేరు. ఆ రోజుల్లో మామూలు టికెట్ మీద వచ్చినవాళ్లకి సాయంత్రం ఆరింటితో సరి. రాత్రి బాణసంచా చూద్దామని పిల్లల్ని ఊరించి తీసుకెళ్లినవాళ్లకి ఆరింటికి బయటికి దారి చూపిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అయితే ఇందులో ఒక లాభమూ ఉంది. రాత్రి వేడుక దొరకదని చాలామంది ఆ రోజులు మానేస్తారు. అందుకని పగలు పార్కులో జనం తగ్గుతారు. మీకు కావాల్సింది రైడ్లే అయితే, పార్టీ ఉన్న రోజు చూసుకుని పగటి టికెట్ తీసుకోవడమే తెలివైన పని.

ఇప్పుడు క్యూల సంగతి. ఇక్కడ కాస్త లెక్క చెప్తాను, విసుక్కోకండి. ఒక రోలర్ కోస్టర్ బండిలో 24 మంది పడతారనుకోండి. నిమిషంన్నరకి ఒక బండి కదిలితే గంటకి 40 బండ్లు, 960 మంది. మీ ముందు 960 మంది ఉంటే మీ వంతు గంటకి వస్తుంది. ఎవరో వీపుకున్న సంచి తియ్యకుండా సీట్లో కూచున్నారు, ఎవరికో బెల్టు పట్టలేదు, ఒక పిల్లాడు ఆఖరి నిమిషంలో ఎక్కనని ఏడ్చాడు. బండి కదలడానికి రెండు నిమిషాలు పట్టింది. ప్రతి బండికీ అలాగే జరిగితే గంటకి 30 బండ్లే, 720 మందే. అదే క్యూ ఇప్పుడు గంటా ఇరవై నిమిషాలు. అర నిమిషం ఆలస్యం మన నెత్తిన ఇరవై నిమిషాలై కూచుంది.

త్వరగా వెళ్లే దారికి కొన్న పాసుల కథా అంతే. డిస్నీ 1999లో ఫాస్ట్‌పాస్ పెట్టినప్పుడు అది ఉచితం. అమెరికా పార్కుల్లో 2021లో దాన్ని తీసేసి డబ్బు తీసుకునే పద్ధతి తెచ్చారు. ఆ దారిలో వెళ్లేవాళ్లకి వేరే బండి ఏమీ ఉండదు, అవే సీట్లు. గంటకి ఉన్న 960 సీట్లలో సగం వాళ్లకి పోయాయంటే, మామూలు క్యూలో మన గంట రెండు గంటలవుతుంది. కొనమని గానీ వద్దని గానీ నేను చెప్పను. రోజంతటిలో ఒక్క రైడు కోసమే ఇంటిల్లిపాదీ వచ్చి ఉంటే దానికి కొనండి. అన్నిటికీ కొని, ఆ పాసుల టైములు పట్టుకుని పార్కు ఈ మూల నుంచి ఆ మూలకి పరుగులు పెట్టినవాళ్లని చూశాను. పార్కులో కూడా ఆఫీసు టెన్షనే.

పైసా ఖర్చు లేని మందు ఒకటుంది. పొద్దున్నే లేవడం. గేట్లు తొమ్మిదింటికి తీస్తారంటే ఎనిమిదింబావుకల్లా అక్కడ ఉండాలి. పొద్దున క్యూ ఖాళీగా ఉంటుంది, జనం వచ్చే వేగం రైడు తీసుకెళ్లే వేగాన్ని దాటాక అది పేరుకుంటూ పోతుంది. ఆ తర్వాత రాత్రిదాకా కరగదు. మొదటి గంటన్నరలో ఎక్కగలిగినన్ని రైడ్లు మధ్యాహ్నం నాలుగు గంటల్లో కూడా ఎక్కలేం. పన్నెండు దాటాక బస దగ్గర్లో ఉంటే వెళ్లిపోయి ఒక కునుకు తియ్యండి. చీకటి పడే వేళకి మళ్లీ రావచ్చు. తిండి కూడా అందరూ తినే వేళకి కాక పదకొండుకో రెండున్నరకో పెట్టుకుంటే, అన్నానికి కూడా క్యూ కట్టే బాధ తప్పుతుంది.

చీకటి అన్నాను కాబట్టి ఒక మాట. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో తివోలి అని 1843లో తెరిచిన పార్కు ఉంది. డిసెంబర్ చివర్లో అక్కడ మూడూ నలభైకల్లా పొద్దు గుంకుతుంది. నాలుగేళ్ల పిల్ల కూడా దీపాల తోరణాలన్నీ చూసి, వేళకి పడుకోవచ్చు. ఫ్లోరిడాలో అయిదున్నరకి గానీ పొద్దు గుంకదు, అప్పటికి పసిపిల్లలు సగం నిద్రలో ఉంటారు. అలాంటి చోట మధ్యాహ్నం కునుకు తప్పనిసరి. చలిదేశాల్లో ఇంకో చిక్కుంది. ఎముకలు కొరికే చలిలో కోస్టర్ చక్రాల్లో గ్రీజు చిక్కబడుతుంది. బండికి వేగం చాలక ఎత్తు ఎక్కలేక మధ్యలో ఆగిపోయే ప్రమాదం ఉంటుంది. అందుకే అక్కడి శీతాకాలం వేడుకల్లో పెద్ద కోస్టర్లు చాలావరకు నడపరు. వాటికోసమే వెళ్లేవాళ్లు ఏవి నడుస్తున్నాయో ముందే కనుక్కోవాలి.

ఇక ఎత్తు గొడవ. దీని దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆ 28వ తేదీన గంటా నలభై నిమిషాలు నిలబడి ఒక కోస్టర్ గుమ్మం దాకా వచ్చాం. అక్కడొక కుర్రాడు కొలిచే కర్ర పట్టుకుని నిలబడ్డాడు. మా పెద్దాడు దాటేశాడు. మా చిన్నది కర్ర కింద నిలబడింది. మునివేళ్ల మీద లేవబోతే ఆ కుర్రాడు నవ్వుతూనే మడమలు దించమన్నాడు. కర్రకీ దాని నెత్తికీ మధ్య రెండు వేళ్ల సందు. అది ఏడవలేదు. తన బూట్ల వైపు చూసుకుంది, వాటిదే తప్పన్నట్టు. తర్వాత పక్కనున్న చిన్న తలుపులోంచి నా చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. మెట్లు దిగాక, "నాన్నా, నేను పొద్దున ఇంకా కొంచెం తినుంటే సరిపోయేదా?" అంది.

అప్పట్నుంచి ప్రయాణానికి వారం ముందే తలుపు పక్కన, పార్కులో వేసుకునే బూట్లతోనే పిల్లల్ని నిలబెట్టి కొలుస్తున్నాం. పార్కువాళ్ల జాబితా పక్కన పెట్టుకుని, ఎవరు ఏది ఎక్కగలరో వాళ్ల ఎదురుగానే టిక్కు పెడతాం. రైడు పేరు చూసి మోసపోవద్దు. స్పేస్ మౌంటెన్ అనే కోస్టర్ ఫ్లోరిడాలో ఉంది, కాలిఫోర్నియాలోనూ ఉంది. కంపెనీ ఒకటే, పేరు ఒకటే. మొదటిదానికి 112 సెంటీమీటర్లు కావాలి, రెండోదానికి 102 చాలు.

ఎక్కలేని బిడ్డ ఉన్న ఇంట్లో పెద్దవాళ్లు ఆశ వదులుకోనక్కర్లేదు. ఒకరు ఎక్కి వచ్చేదాకా రెండోవాళ్లు బిడ్డతో ఉండి, తర్వాత మళ్లీ మొత్తం క్యూ కట్టకుండానే తమ వంతు తీసుకోవచ్చు. డిస్నీ దీన్ని రైడర్ స్విచ్ అంటుంది, యూనివర్సల్ అనే మరో పార్కుల కంపెనీ చైల్డ్ స్వాప్ అంటుంది. అడిగితేనే చెప్తారు, కాబట్టి క్యూ మొదట్లోనే అడగాలి. ఒంటరిగా వచ్చేవాళ్ల కోసం సింగిల్ రైడర్ దారి కూడా కొన్ని రైడ్లకి ఉంటుంది. అది త్వరగా కదులుతుంది గానీ తలో బండిలో కూచోబెడతారు. పిల్లలతో వెళ్లేవాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది.

రెండోసారి వెళ్లేముందు రాత్రి భోజనాల దగ్గర కూచుని తలా ఒక్క కోరిక చెప్పమన్నాను. ఒక్కటే, రెండు కాదు. పెద్దాడు ఏదో కోస్టర్ పేరు చెప్పాడు. చిన్నది సాంటాకి ఒక ఉత్తరం ఇవ్వాలంది. మా ఆవిడ, ఒక గంటసేపు తనని ఎవరూ ఏమీ అడగకుండా ఉంటే చాలంది. మా అత్తగారు చాలాసేపు ఆలోచించి, దీపాలు వెలిగించే క్షణం చూడాలన్నారు. వెలిగాక కాదు, వెలిగేటప్పుడు. ఇన్నేళ్లలో ఆవిడ మనసులో ఇలాంటి కోరిక ఉందని మాకు తెలీదు. మొదటిసారి ఆవిడని మేం రోజంతా సంచులకి కాపలా కూచోబెట్టాం.

ఆ నాలుగూ కాగితం మీద రాసుకున్నాక మిగతా ప్లాను దానంతటదే కుదిరింది. కోస్టర్ పొద్దున మొదటి పని. సాంటా దగ్గర కూడా పెద్ద క్యూ ఉంటుంది కాబట్టి, కోస్టర్ దిగగానే అటే. మధ్యాహ్నం మా ఆవిడకి సెలవు. సాయంత్రం దీపాలు వెలిగించే వేళకి ముప్పావు గంట ముందే చెట్టు ఎదురుగా బెంచీ పట్టుకున్నాం. పార్కులో ఇంకా పాతికో ముప్పయ్యో చూడాల్సినవి మిగిలిపోయాయి. ఒక్కళ్లూ వాటి ఊసెత్తలేదు.

ఒకటి రెండు చిన్న విషయాలు గబగబా చెప్పేస్తాను. పొద్దున గేటు దగ్గరే పిల్లల్ని నిలబెట్టి, తల నుంచి కాళ్ల దాకా పడేలా ఫోన్లో ఫొటో తియ్యండి. నా కూతురు అయిదు నిమిషాలు కనబడకపోతే, ఏ రంగు టోపీ పెట్టుకుందని అక్కడివాళ్లు అడిగారు. చెప్పలేకపోయాను. ఆ టోపీ కొన్నది నేనే. చంటిపిల్లల చేతి మీద మీ ఫోన్ నంబరు పెన్నుతో రాయండి. కారు ఆపిన చోట వరస నంబరుకి కూడా ఒక ఫొటో. పగలు వెచ్చగా ఉన్నా రాత్రికి స్వెట్టర్ కావాలి. పవర్ బ్యాంకు తప్పనిసరి, ఇప్పుడు టికెట్టు, మ్యాపు, క్యూ టైములు అన్నీ ఫోన్లోనే కదా. కొత్త బూట్లు మాత్రం ఆ రోజే తొడగొద్దు.

చివరిగా, తిరిగి వచ్చే వేళ. బాణసంచా అయిపోగానే వేలమంది ఒక్కసారిగా గేటు వైపు కదులుతారు. నిద్రమత్తులో ఉన్న పిల్లలతో ఆ తోపులాటలోకి దిగకండి. ఎక్కడైనా ఒక అరగంట కూచోండి. మేం రెండోసారి అలాగే కూచున్నాం. పార్కు ఖాళీ అవుతోంది. ఊడ్చేవాళ్లు చీపుళ్లతో వచ్చారు. చిన్నది వాళ్ల అమ్మమ్మ ఒళ్లో నిద్రపోయింది. అత్తగారు మాత్రం చెట్టు వైపే చూస్తున్నారు. "ఆర్పేసేది కూడా చూసి వెళ్దామా, బాబూ?" అన్నారు.

ఆగాం.