గీతలో చిక్కుకున్న అంకెలు

శ్రోతలకు నమస్కారం.

బడిలో గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి, వాటిని కలుపుతూ గీత గీసిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. అప్పుడు ముందు అంకెలు, తర్వాత గీత. ఈ రోజు చెప్పబోయేది దానికి తలకిందుల పని. గీత మిగిలింది, అంకెలు దొరకడం లేదు. వాటిని వెనక్కి రాబట్టాలి.

వైద్య పరిశోధనలో ఈ అవసరం తరచూ వస్తుంది. చికిత్స మొదలుపెట్టాక ఎన్ని నెలలకు ఎందరు జీవించి ఉన్నారో చూపే గ్రాఫు ఒకటుంది. 1958లో కప్లాన్, మైయర్ అనే ఇద్దరు పరిశోధకులు వివరించిన పద్ధతి అది. మెట్లమెట్లుగా కిందికి దిగుతుంది. ఒక్కో మెట్టు దగ్గర ఎవరో ఒకరు కన్నుమూశారు. నాలుగైదు పరిశోధనల ఫలితాలను కలిపి చూడాలనుకునే వారికి చాలాసార్లు ఈ బొమ్మ తప్ప పట్టిక దొరకదు. బొమ్మలోని గీతనూ, దాని కింద అచ్చువేసే రోగుల సంఖ్యలనూ కలిపి, ఒక్కో రోగి వివరాన్ని ఉజ్జాయింపుగా పునర్నిర్మించే పద్ధతి 2012లో వెలువడింది.

ఒకప్పుడు స్కేలు, పెన్సిలు పెట్టి కొలిచేవారు. ఇప్పుడు అంకిత్ రోహత్గీ రూపొందించిన వెబ్‌ప్లాట్‌డిజిటైజర్, మార్క్ మిచెల్ రాసిన ఎంగేజ్ డిజిటైజర్ వంటి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి.

కంప్యూటర్‌కు గ్రాఫు అంటే రంగు చుక్కల గుంపు, అంతే. అక్షాల మీద విలువ తెలిసిన బిందువులను మనమే చూపించాలి. నిలువు అక్షంపై సున్నాకూ వందకూ మధ్య 500 చుక్కలుంటే, ఒక్కో చుక్క విలువ 0.2. ఆ తర్వాత గీత రంగు చూపిస్తే, ఆ రంగున్న చుక్కలన్నిటినీ ఏరి అంకెలుగా ఇస్తుంది.

జాగ్రత్తపడాల్సింది లాగరిథమ్ స్కేలు దగ్గర, అంటే సమాన దూరానికి విలువ సమాన రెట్లు పెరిగే అక్షం దగ్గర. అందులో ఒకటికీ వందకూ సరిగ్గా నడుమ ఉండేది పది. ఆ సంగతి సాఫ్ట్‌వేర్‌కు చెప్పడం ఒకసారి మరిచిపోయాను. పది రావలసిన చోట యాభై దాటింది. అంకెలన్నీ వరుసగా, పొందికగా కనిపించడంతో రెండు రోజులు అనుమానమే రాలేదు.

ఇంకొక మాట. గీత మందమే ఐదు చుక్కలుంటే, మన లెక్కలో ఒక యూనిట్ తేడా అక్కడే ఉంది. దశాంశం తర్వాత మూడు స్థానాలు రాయడం చదివేవారిని మోసగించడమే. ఇవి గ్రాఫు నుంచి తీసిన విలువలు అని తప్పక రాయాలి. అసలు పరిశోధకులే గ్రాఫు పక్కన పట్టిక కూడా ఇస్తే ఎంత మేలు! ఇది నా విన్నపం.

ఇప్పుడు పని ముగిశాక, రాబట్టిన అంకెలతో కొత్త గీత గీసి, పాత బొమ్మ మీద పరుస్తాను. రెండూ విడిపోయిన చోట పెద్దది చేసి, అక్షం గుర్తుల నుంచి మళ్లీ మొదలుపెడతాను.