గొంతు నొప్పి తగ్గాక మొదలైన భయం

శ్రోతలకు నమస్కారం.

మూడేళ్ల కిందట, దసరా సెలవుల తరువాత బడులు తెరిచిన వారంలో, ఒక బుధవారం సాయంత్రం ఆటల నుంచి వచ్చి చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లిన మా అబ్బాయి ఎంతసేపటికీ ఇంట్లోకి రాలేదు. అప్పటికి వాడికి ఎనిమిదేళ్లు. నేను వెళ్లి చూసేసరికి కుళాయి కింద రెండు చేతులూ పెట్టి, వెక్కి వెక్కి ఏడుస్తూ నిలబడి ఉన్నాడు. పొద్దున విప్పిన సబ్బు సగానికి అరిగిపోయింది. వేళ్ల సందుల్లో చర్మం ఒరిసి ఎర్రబడింది. "పోవడం లేదమ్మా" అన్నాడు. ఏం పోవడం లేదురా అని అడిగితే చెప్పలేకపోయాడు. ముందు రోజు, మంగళవారం నాడు, ఇదే పిల్లవాడు మట్టి చేతులు నిక్కరుకు తుడుచుకుని కంచం ముందు కూర్చుంటే నేనే కోప్పడి లేపాను. మంగళవారం లేనిది బుధవారం వచ్చింది. ఈ వేళ నేను చెప్పదలచుకున్న జబ్బుకు మొదటి ఆనవాలు ఇలా హఠాత్తుగా రావడమే కనుక, ముందుగా ఆ రెండు రోజుల సంగతి చెప్పాను.

ఓసీడీ అన్న మాట ఇప్పుడు మనలో చాలామందికి పరిచయమే. వద్దన్నా వచ్చి కూర్చునే ఆలోచన, అది పెట్టే భయం, ఆ భయాన్ని దింపుకోవడానికి పదే పదే చేసే పని, ఈ మూడూ కలిసి మనిషిని గానుగెద్దులా తిప్పడమే ఓసీడీ. సాధారణంగా అది మెల్లగా ముదురుతుంది; ఎప్పుడు మొదలైందని అడిగితే ఇంట్లోవాళ్లు ఫలానా రోజని చెప్పలేరు. కానీ కొద్దిమంది పిల్లల్లో అది ఒకటి రెండు రోజుల్లోనే ఉద్ధృతంగా వచ్చి పడుతుంది. అమెరికాలోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో పనిచేసిన పిల్లల వైద్యురాలు సూసన్ స్వీడో, ఆమె సహచరులు, స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి సోకిన తరువాత ఇలా హఠాత్తుగా ఓసీడీ గానీ, ముఖం, మెడ, భుజాలు అదిరే టిక్స్ గానీ వచ్చిన 50 మంది పిల్లల వివరాలను 1998లో ప్రచురించి, ఈ స్థితిని పాండాస్ అన్నారు. అది ఒక పొడుగాటి వైద్య నామంలోని తొలి అక్షరాల కూర్పు. ఆ 50 మందిలో మగపిల్లలే ఎక్కువ. ఓసీడీ మొదలైన వయసు సగటున ఏడేళ్ల పైచిలుకు. ఆ తరువాత 2012లో, కారణం స్ట్రెప్టోకాకస్ ఒక్కటే కానక్కరలేదని గుర్తించి, పాన్స్ అనే ఇంకా విశాలమైన పేరును ప్రతిపాదించారు. ఆ నిర్వచనం ప్రకారం, హఠాత్తుగా వచ్చిన ఓసీడీ గానీ, తిండి బాగా మానివేయడం గానీ ముందు ఉండాలి. వాటితో పాటు తీవ్రమైన ఆందోళన, కోపోద్రేకాలు, పసిపిల్లవాడిలా వెనక్కి పోవడం, చదువు దెబ్బతినడం, నిద్ర చెడటం, పక్క తడపడం, వెలుతురూ చప్పుడూ స్పర్శా భరించలేకపోవడం వంటివి కొన్ని దాదాపు అదే సమయంలో వచ్చిపడాలి.

ఈ సూక్ష్మజీవి మన దేశానికి కొత్తది కాదు. కీళ్లను నాకి గుండెను కరుస్తుందని వైద్యులు చెప్పుకొనే రుమాటిక్ జ్వరం కూడా దీని వల్ల వచ్చేదే. గొంతులో చేరిన స్ట్రెప్టోకాకస్ పైపొరలోని కొన్ని పదార్థాలు మన ఒంట్లోని కణాల పదార్థాలను పోలి ఉంటాయి. దాని మీదికి శరీరం పంపిన ప్రతిరక్షకాలు గుర్తు తప్పి సొంత కణాల మీద పడతాయి. గుండె కవాటాల మీద పడితే కవాటాలు చెడిపోతాయి. మెదడు లోతుల్లో మన కదలికలనూ అలవాట్లనూ నడిపించే బేసల్ గాంగ్లియా అనే భాగం మీద పడితే, కాళ్లూ చేతులూ వాటంతట అవే ఎగిరిపడే కొరియా అనే జబ్బు వస్తుంది. దీన్ని 1686లోనే ఆంగ్ల వైద్యుడు థామస్ సిడెన్‌హామ్ వర్ణించాడు. కొరియా వచ్చిన పిల్లల్లో ఓసీడీ లక్షణాలు కూడా కనిపించడమే స్వీడో బృందాన్ని ఈ దారి పట్టించింది. కొరియా వచ్చిన పిల్లల్లో గుండె కవాటాలు కూడా దెబ్బతిని ఉండవచ్చు. అందుకే, మీ బిడ్డ చేతులు అదుపు తప్పి ఎగిరిపడుతుంటే, అది అల్లరో అలవాటో అనుకోకుండా గుండెకు ఎకో పరీక్ష చేయించాలన్న సంగతిని ఈ ప్రసంగంలో ఇంకేది మరిచిపోయినా దయచేసి మరిచిపోకండి.

ఇక్కడ మీకు నిజాయితీగా చెప్పవలసిన మాట ఒకటుంది. పాండాస్ విషయంలో వైద్యులందరూ ఒక్కమాట మీద లేరు. గొంతు నొప్పి రాని పిల్లలు ఉండరు కనుక, దాని తరువాత వచ్చిన ప్రతిదీ దాని వల్లనే వచ్చిందని అనలేం. జబ్బును తేల్చి చెప్పే రక్తపరీక్ష ఏదీ లేదు. స్ట్రెప్టోకాకస్ మీది ప్రతిరక్షకాలను కొలిచే ఏఎస్ఓ అనే రక్తపరీక్షలో అంకె ఎక్కువ వస్తే, ఇటీవల ఆ సూక్ష్మజీవి సోకిందని మాత్రమే అర్థం. చికిత్స సంగతీ అంతే. రక్తంలోని ప్రతిరక్షకాలను తీసివేయడం, దాతల రక్తం నుంచి తీసిన ప్రతిరక్షకాలను, అంటే ఇమ్యూనోగ్లోబులిన్‌ను, బయటి నుంచి ఎక్కించడం మేలు చేశాయని సుమారు 30 మంది పిల్లల మీద జరిగిన పరిశీలన 1999లో చూపింది. 35 మంది మీద జరిపి 2016లో ప్రచురించిన మరో పరిశీలనలో, ఇమ్యూనోగ్లోబులిన్‌కూ ఉత్తుత్తి మందుకూ మధ్య చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. కాబట్టి ఎవరైనా ఒక్క ఇంజెక్షన్‌తో నయం చేస్తామని అంటే, బంగారం తాకట్టు పెట్టే ముందు మరొక వైద్యుణ్ణి తప్పక అడగండి. గొంతులో ఇన్ఫెక్షన్ ఉందని తేలితే దానికి యాంటీబయాటిక్ వాడాలనడంలో మాత్రం భేదాభిప్రాయం లేదు. వైద్యులు పది రోజులు రాస్తే పది రోజులూ వెయ్యాలి. మా ఇంట్లో నేను చేసిన తప్పు అక్కడే ఉంది. ఆ దసరా సెలవుల్లో పిల్లవాడికి జ్వరం, గొంతు నొప్పి వచ్చి, మూడో రోజుకు తగ్గగానే సీసా మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టేశాను. తరువాత వచ్చినదంతా దాని వల్లనే అని ఎవరూ తేల్చి చెప్పలేరు. అయినా ఆ సీసా నాకు ఇప్పటికీ కళ్లకు కడుతుంది.

ఆ బుధవారం తరువాత మేము తిరగని చోటు లేదు. మా అత్తగారు ఉప్పూ ఎండుమిరపకాయలతో దిష్టి తీశారు. ఆమె ప్రేమను నేను తక్కువ చేయను. ఆ రాత్రుళ్లు వాణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకుని మేలుకున్నది ఆవిడే. ఒక వైద్యుడు గారాబం ఎక్కువైందని, రెండు దెబ్బలు వేస్తే కుదురుకుంటాడని అన్నారు. మడీ ఆచారమూ ఉన్న ఇల్లు కదా, చూసి నేర్చుకుని ఉంటాడని బంధువులు అన్నారు. ఈ చివరి మాట చాలా ఇళ్లలో జబ్బును నెలల తరబడి దాచేస్తుంది. మడి కట్టుకున్న మనిషికి స్నానం కాగానే మనసు నెమ్మదిస్తుంది. ఓసీడీలో ఎంత కడిగినా నెమ్మది రాదు. మూడోచోట ఒక పిల్లల వైద్యురాలు మాత్రం కాగితం, కలం తీసి, ఇది ఏ రోజున మొదలైంది, దానికి ముందు నెల రోజుల్లో జ్వరం గానీ గొంతు నొప్పి గానీ వచ్చిందా అని అడిగారు. బుధవారం అని నేను చెప్పగలిగినందువల్లనే అసలు దారి దొరికింది.

ఇక పెంపకం సంగతి. ఈ పిల్లలతో పొద్దున ఏడు గంటలకు జరిగేది బయటివాళ్లకు అర్థం కాదు. బడికి వేళవుతుంది, ఆటో వచ్చి హారన్ కొడుతుంది, పిల్లవాడు సాక్స్ వేసుకోనని నేల మీద దొర్లి ఏడుస్తాడు. మొండితనమనే అనుకుంటాం. చాలా రోజుల తరువాత నాకు తెలిసింది, ఆ ఏడుపులో రెండు వేరు వేరు బాధలు ఉండవచ్చునని. ఒకటి, వేళ్ల దగ్గర సాక్స్ కుట్టు వాడికి ముల్లులా గుచ్చుకోవడం. చొక్కా కాలర్ వెనుక లేబుల్, కుక్కర్ కూత, ట్యూబ్‌లైట్ వెలుతురు, పప్పులో తగిలే టమాటా తొక్క, ఇవన్నీ ఆ రోజుల్లో వాడికి నిజంగా నొప్పి పెట్టేవి. ఇంద్రియాలు అందించే కబురును మెదడు పదింతలు చేసి వినిపిస్తుంటే పిల్లవాడు చేయగలిగింది ఏమీ లేదు. రెండోది, నేలకు తగిలిన సాక్స్ వేసుకుంటే అమ్మకు ఏదో అవుతుందన్న భయం. అది ఓసీడీ.

పైకి రెండూ ఒకేలా ఉంటాయి. మనం చేయవలసినవి మాత్రం ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. మొదటిదానికి లొంగాలి. సాక్స్ తిరగేసి తొడగాలి, లేబుల్ కత్తిరించాలి, కుక్కర్ పెట్టే ముందు చెప్పి పక్క గదిలోకి పంపాలి. రెండోదానికి లొంగకూడదు. అక్కడ లొంగిన ప్రతిసారీ భయానికి మేత వేసినట్టే. ఏది ఏదో తెలుసుకోవడానికి నేను రెండు ప్రశ్నలు అలవాటు చేసుకున్నాను. "ఎక్కడ గుచ్చుకుంటోంది నాన్నా?" అని అడిగితే వేలు పెట్టి చోటు చూపించాడంటే అది స్పర్శ బాధ. "వేసుకుంటే ఏమవుతుందని భయం?" అని అడిగితే కళ్లు దించుకున్నాడంటే అది రెండోది. కొన్ని రోజులు రెండూ కలిసే వచ్చేవి. అలాంటప్పుడు ముందు కుట్టు సంగతి చూసి, ఆ తరువాతే భయం జోలికి వెళ్లేదాన్ని.

లొంగకపోవడం అంటే కసరడం కాదు. మా వాడు అన్నానికి ముందు "శుభ్రంగా ఉందా అమ్మా?" అని అడిగేవాడు. ఉంది అంటే "ఒట్టు?" అనేవాడు. ఒట్టు అంటే "నా తల మీద చెయ్యి వేసి చెప్పు" అనేవాడు. ఒక రాత్రి భోజనానికి నేను లెక్కపెట్టిన ఒట్లు నలభై ఒకటి. ప్రతి ఒట్టూ వాడికి అరనిమిషం ఊరట, ఆ తరువాత మరింత భయం. మానసిక వైద్యులు నేర్పిన పద్ధతి ప్రకారం మేము దాన్ని ఒక్కసారిగా మానలేదు. మొదటి వారం పది ఒట్లు, తరువాతి వారం ఆరు, అలా వాడితో ముందే మాట్లాడుకుని తగ్గించాం. మిగిలినవాటికి నా జవాబు ఒక్కటే: "ఇది నువ్వు అడగడం లేదు, భయం అడుగుతోంది. భయానికి నేను జవాబు చెప్పను, నీ పక్కన కూర్చుంటాను." కూర్చునేదాన్ని. అన్నం చల్లారిపోయేది. మా వారూ, అత్తగారూ ఇదే మాట మీద నిలబడటానికి నెల పట్టింది. ఇంట్లో ఒక్కరు దొంగచాటుగా ఒట్టు వేసినా పడిన కష్టమంతా బూడిదలో పోసినట్టే. జబ్బు బాగా ఉద్ధృతంగా ఉన్న తొలి రోజుల్లో మాత్రం ఈ సాధన పిల్లల శక్తికి మించినది కావచ్చు. ఎప్పుడు మొదలుపెట్టాలో వైద్యులే చెప్పాలి.

కొన్ని లక్షణాలకు రేపటి దాకా ఆగకూడదు. గొంతులో అడ్డం పడుతుందనో విషం కలిసిందనో బిడ్డ అన్నమూ నీళ్లూ మానివేసినా, ఫిట్స్ వచ్చినా, మత్తుగా పడి ఉన్నా, చనిపోతానని అన్నా, ఆ పూటే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. తక్కినవాటికి ముందు పిల్లల వైద్యుల దగ్గరికి, అక్కడి నుంచి మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లండి. హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఓసీడీకి ప్రత్యేక విభాగమే ఉంది. ప్రయాణం చేయలేనివారు మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు.

వెళ్లేటప్పుడు ఒక నోటుపుస్తకం వెంట ఉంచుకోండి. అందులో జ్వరాలు, మందులు, లక్షణాలు తేదీలతో రాయండి. బిడ్డ చేతిరాత పేజీలు నాలుగు దాచండి. మా వాడికి ఈ జబ్బు రెండుసార్లు తిరగబెట్టింది. రెండోసారి దాన్ని ముందుగా పట్టించింది చేతిరాతే: గుండ్రంగా రాసే వాడి తెలుగు అక్షరాలు రెండు రోజుల్లో గీత దాటి కిందికి జారిపోయాయి. వాడి టీచరు గారు ఆ పేజీని ఫోటో తీసి నాకు పంపారు. ఆ సాయంత్రమే గొంతు పరీక్ష చేయించాం.

ఇప్పుడు వాడికి పదకొండేళ్లు. మట్టి చేతులు నిక్కరుకు తుడుచుకుంటాడు, నేను కోప్పడతాను. సాక్స్ మాత్రం ఇప్పటికీ తిరగేసే తొడుక్కుంటాడు. సెలవు.