బెలూన్ క్లిప్స్‌కి ఈ వైర్‌లెస్ మైక్ పనికొస్తుందా? బెజవాడ ఎండల్లో మూడు వారాలు

నమస్కారం అండి. ముందు మీ హెడ్‌ఫోన్స్ వాల్యూమ్ కొంచెం తగ్గించుకోండి. మధ్యలో ఒక బెలూన్ పగులుతుంది, తర్వాత కామెంట్లలో నన్ను తిట్టొద్దు.

ఇదిగో, టేబుల్ మీద ఉన్నదే ఆ మైక్. కంపెనీ వాళ్లే పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, మూడు వారాలు వాడుకుని తిరిగి పంపమన్నారు. పేరు పెట్టె మీద ఇంత అక్షరాలతో కనిపిస్తూనే ఉంది కాబట్టి నా నోటితో చెప్పను. మెయిల్లో "మీలాంటి క్రియేటర్ల కోసం" అని రాశారు. నేను ఏం క్రియేట్ చేస్తానో చూసే రాశారా అన్నది నాకు ఇప్పటికీ డౌటే. స్పెసిఫికేషన్లు చదవను, ఈపాటికి మీరు పది వీడియోల్లో చూసేసి ఉంటారు.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం ఒక్క ముక్క. నేనూ మా ఆయనా బెలూన్ క్లిప్స్ తీసి అమ్ముతాం. ఊదడం, వేళ్లతో రుద్దడం, మీద కూర్చోవడం, కొన్నిసార్లు పగలగొట్టడం. ఒంటి నిండా బట్టలుంటాయి, మొహం కనిపించదు. కొనేవాళ్లంతా విదేశాల వాళ్లే. వాళ్లని లూనర్స్ అంటారు. ఆ సైజు, ఆ రబ్బరు, ఆ చప్పుడు వాళ్లకి ఉత్త సరదా కాదు, ఫెటిష్, అంటే కామోద్రేకం కలిగించేవే అవి. నేను ఆ మాటను మింగేసి "నిష్ కంటెంట్" అని నాజూగ్గా చెప్పను. వాళ్లలోనూ రెండు పార్టీలున్నాయి. పగిలితేనే మజా అనేవాళ్లు పాపర్స్. పగిలితే మనసు విరిగిపోయేవాళ్లు నాన్ పాపర్స్. క్లిప్ ఏ పార్టీదో టైటిల్‌లోనే రాయాలి. మొదట్లో నాకు తెలియక రాయలేదు. ఒకాయన డబ్బులు పెట్టి కొని, చూసి, "చివర్లో దాన్ని ఎందుకు చంపేశారు" అని మెసేజ్ పెట్టారు. నవ్వొచ్చింది కానీ, డబ్బు వెనక్కి ఇచ్చేశాను. పాపం, ఆయన బాధ నిజమే.

సరే, మైక్. ఈ పని మొదలుపెడదామనుకునేవాళ్లు అందరూ నన్ను కెమెరా గురించే అడుగుతారు. ఫోన్ కెమెరా చాలు అమ్మా. కొనేవాళ్లు చెవులతో కొంటారు. నేను మొదట బీసెంట్ రోడ్డులో మూడు వందల యాభైకి కాలర్ మైక్ కొన్నాను. ఏది రికార్డ్ చేసినా వెనకాల కుక్కర్ ఆవిరి వదులుతున్నట్టు సుయ్యిమని ఒకటే చప్పుడు. తర్వాత చీటీ పాడి మరీ రోడ్ (Rode) అనే మైక్ కంపెనీ వాళ్ల ఎన్‌టీ1 స్టూడియో మైక్ కొన్నాం. దాని సొంత చప్పుడు 4.5 డెసిబెల్సే, అంటే దాదాపు లేనట్టే. కానీ అంత శుభ్రంగా వినే మైక్ మా ఇంట్లో పెడితే ఏమవుతుంది? పక్కింటి మిక్సీ, మధురానగర్ వైపు వెళ్లే గూడ్స్ బండి కూత, పైన తిరిగే ఫ్యాను, అన్నీ అందులోకి వచ్చేస్తాయి.

ఫ్యాను దగ్గరే మా కథంతా ఉంది. మే నెలలో బెజవాడలో ఫ్యాను ఆపి చూడండి. ఐదు నిమిషాల్లో చెమటలు కారిపోతాయి, చెమట చేతికి బెలూన్ జారిపోతుంది, కిర్రుమనే ఆ చప్పుడే రాదు. చప్పుడు రావాలంటే చెయ్యి పొడిగా ఉండాలి, చెయ్యి పొడిగా ఉండాలంటే ఫ్యాను ఉండాలి, ఫ్యాను ఉంటే రికార్డింగ్ పోతుంది. అందుకే మేం రాత్రి రెండింటికి లేచి, ముందుగా ఏసీ వేసి గది చల్లబరిచి, దాన్ని ఆపేసి, గది మళ్లీ వేడెక్కేలోపు తీసేస్తాం. ఇరవై నిమిషాలు దొరికితే గొప్ప.

కాబట్టి ఈ మైక్ పెట్టె మీద "ఏఐ నాయిస్ క్యాన్సిలేషన్" అని చూడగానే నేను ఎంత ఆశపడ్డానో మీకు అర్థమవుతుంది. ఫ్యాను తిరుగుతూనే తీయొచ్చు, పగలే తీయొచ్చు, నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. మొదటిరోజు ఫ్యాను మూడు మీద పెట్టి తీశాం. విన్నాం. ఫ్యాను మాయం! మా ఆయన చప్పట్లు కొట్టాడు. తర్వాత పూర్తిగా విన్నాం. బెలూన్ కూడా మాయం.

అవునండీ. నేను ఊదుతున్నాను, చప్పుడు లేదు. వేళ్లతో రుద్దుతున్నాను, చప్పుడు లేదు. మధ్యలో నేను "అబ్బా, ఉక్క" అన్నది మాత్రం రేడియోలో వార్తలంత స్పష్టంగా వినబడుతోంది. ఎందుకంటే ఈ నాయిస్ క్యాన్సిలేషన్‌కి తెలిసింది ఒక్కటే: మనిషి గొంతు ఉంచాలి, మిగతాదంతా చెత్త. రబ్బరు కిర్రుమనడం దాని లెక్కలో చెత్త. నా కస్టమర్ల లెక్కలో డబ్బు పెట్టేదే ఆ చెత్తకి.

సరే, ఆపేద్దాం అనుకున్నాను. పక్కన చిన్న బటన్ ఉంది, పచ్చ లైటు వెలిగితే ఆన్. నొక్కాను, ఆగింది. బాగానే ఉంది. మర్నాడు మైక్ ఆన్ చేస్తే పచ్చ లైటు మళ్లీ వెలుగుతోంది! ప్రతిసారీ, ఆన్ చేసిన ప్రతిసారీ, తనంతట తనే వెలుగుతుంది. యాప్‌లో వెతికాను, శాశ్వతంగా ఆపే సెట్టింగ్ లేదు. కంపెనీకి రాస్తే "మెజారిటీ యూజర్ల సౌకర్యం కోసం" అని జవాబు వచ్చింది. రాత్రి రెండింటికి, కళ్లు మూతలు పడుతుంటే, ఇరవై నిమిషాల టైముంటే, ఆ పచ్చ లైటు చూసుకోవాలని ఎవరికి గుర్తుంటుంది? మూడు వారాల్లో నాలుగు షూట్లు పోయాయి. అందులో ఒకటి ముందే డబ్బు తీసుకున్న కస్టమ్ క్లిప్. మళ్లీ తీయాల్సి వచ్చింది, ముప్పై ఆరు అంగుళాల బెలూన్, నోటితో ఊదడం. నా బుగ్గల సంగతి అడగొద్దు.

ఇంత తిట్టాను కదా, మెచ్చుకోవాల్సింది కూడా ఉంది. ఇందులో 32 బిట్ ఫ్లోట్ రికార్డింగ్ ఉంది. మామూలు 24 బిట్‌లో లెవెల్ మనం సెట్ చేసుకోవాలి. కిర్రుమనడం వినపడాలని పెంచితే పగిలినప్పుడు చప్పుడు చిట్లిపోతుంది. తగ్గిస్తే కిర్రు వినపడదు. 32 బిట్ ఫ్లోట్‌లో ఆ బాధ లేదు, తర్వాత ఎడిటింగ్‌లో ఎటైనా లాగొచ్చు. అయితే చాలామంది రివ్యూల్లో చెప్పనిది ఒకటుంది. ఫైల్ చిట్లకపోయినా మైక్ లోపలి డయాఫ్రమ్‌కి, అంటే చప్పుడుకి కదిలే పల్చటి పొరకి, ఒక హద్దు ఉంటుంది. దీని పెట్టె మీద 120 డెసిబెల్స్ అని ఉంది. కెనడాలో ఆల్బెర్టా యూనివర్సిటీ వాళ్లు బెలూన్లు పగలగొట్టి కొలిచారు. పగిలేదాకా ఊదినప్పుడు దాదాపు 168 డెసిబెల్స్ వచ్చింది, 12 గేజ్ షాట్‌గన్ తుపాకీ చప్పుడు కంటే ఎక్కువ. మైక్ సంగతి తర్వాత, ముందు మీ చెవుల్లో ఇయర్ ప్లగ్స్ పెట్టుకోండి, కళ్లకి అద్దాలు పెట్టుకోండి. మేం మొదటి ఆరు నెలలు పెట్టుకోలేదు. మా ఆయన ఎడమ చెవిలో ఇప్పటికీ అప్పుడప్పుడు చీమ చిటుక్కుమన్నా గంట మోగినట్టుంటుంది.

ఈ కిట్‌లో రెండు ట్రాన్స్‌మిటర్లున్నాయి, అంటే రెండు చిన్న మైకులు. నేను ఒకటి బెలూన్ పక్కన పెట్టాను, రెండోది గది అవతల బీరువా మీద, బట్టల మధ్యలో. దూరం రెట్టింపయితే చప్పుడు ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది, చిన్నగదిలో గోడల వల్ల అంత తగ్గదనుకోండి. అయినా దగ్గరిది కిర్రుకి, దూరానిది పేలుడుకి వాడి కలిపేశాను. వినండి. ఇప్పుడే, రెడీ... ఆ! విన్నారా? ముందు ఆ సన్నటి కిర్రు, తర్వాత ఆ పేలుడు, రెండూ చిట్లలేదు. ఇంత బాగా నా ఎన్‌టీ1 ఒక్కదానితో ఎప్పుడూ రాలేదు. అందుకే ఇంకా కోపం వస్తోంది. ఇంత చేసినవాళ్లు ఆ పచ్చ లైటు ఒక్కటి ఆపలేకపోయారా?

మైక్‌తో సంబంధం లేని విషయం ఒకటి చెప్పాలి, ఎందుకంటే మొదలుపెట్టేవాళ్లకి ఇదే ముఖ్యం. మొహం దాచాం కదా అని నిశ్చింతగా ఉండొద్దు. మెరిసే క్రోమ్ బెలూన్ గుండ్రటి అద్దం లాంటిది, గదంతా అందులో కనిపిస్తుంది. ఒక క్లిప్ అప్‌లోడ్ చేయబోతూ ఆపి చూస్తే, బెలూన్ మీద లుంగీ కట్టుకుని ట్రైపాడ్ పట్టుకున్న మా ఆయన, వెనక కిటికీ, కిటికీలోంచి ఎదురింటి బోర్డు. అప్పట్నుంచి మెరవని రంగులే. వన్‌టౌన్ హోల్‌సేల్ కొట్లలో కట్టలకు కట్టలు తెచ్చుకుంటాం. ఎండలో మాత్రం పెట్టొద్దు, లేటెక్స్ కొద్దిసేపటికే మబ్బు పట్టినట్టు అయిపోతుంది. పగిలిన ముక్కలు ఒక్కటి కూడా వదలకుండా ఏరేయాలి. కింద పోర్షన్‌లో రెండేళ్ల పాప ఉంది, ఆ ముక్క గొంతులో అడ్డం పడితే ప్రాణానికే ప్రమాదం.

అన్నట్టు, ఇన్ని బెలూన్లు చూసి కింద పోర్షన్ వాళ్లు మేం బర్త్‌డే డెకరేషన్ చేస్తామనుకున్నారు. పాప పుట్టినరోజుకి ఆర్డర్ ఇచ్చారు. కాదనలేకపోయాం. రెండు వేలు వచ్చాయి, ఆ తర్వాత ఇంకో రెండు ఆర్డర్లు. మా అత్తయ్యగారు ఇప్పుడు అందరికీ అదే చెప్తున్నారు.

డబ్బులెంత అని అడుగుతారుగా. క్లిప్స్‌ఫర్‌సేల్ 2003 నుంచి ఉన్న సైటు, అమ్మకంలో 60 శాతం మనకిస్తుంది. ఓన్లీఫ్యాన్స్ 80 శాతం ఇస్తుంది. కానీ అక్కడ జనాన్ని మనమే తెచ్చుకోవాలి, ఇక్కడ కేటగిరీ వెతుక్కుని వాళ్లే వస్తారు. నిమిషానికి ఒక డాలర్ అన్నది మామూలు లెక్క. 2021లో మాస్టర్‌కార్డ్ రూల్స్ బిగించాక క్లిప్‌లో కనిపించే ప్రతి మనిషి ఐడీ, ఒప్పుకున్నట్టు కాగితం లేకుండా పెద్ద సైట్లు ఏదీ తీసుకోవు. తీసుకోకూడదు కూడా. విదేశాల నుంచి వచ్చిన డబ్బు దేనికో చెప్పే పర్పస్ కోడ్ బ్యాంకు అడుగుతుంది, సరైనదే చెప్పండి, ఆదాయం లెక్కలో చూపించండి.

ఇక చట్టం. ఐటీ యాక్ట్, అంటే ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ చట్టం, సెక్షన్ 67ఏ కింద లైంగిక చర్య చూపించే వీడియోలకి మొదటిసారికే 5 ఏళ్ల వరకు జైలు, 10 లక్షల వరకు జరిమానా. ఇది అందరికీ తెలుసు. తెలియనిది ఉత్త 67. అందులో కామవాంఛని రెచ్చగొట్టేది అనే అర్థం వచ్చే మాటలున్నాయి, 3 ఏళ్లు, 5 లక్షలు. మా లాయర్ గారు ఒకటే అన్నారు: "బట్టలున్నాయి కదా అనే ధీమా వద్దమ్మా. దేనికి అమ్ముతున్నావో టైటిల్‌లో నువ్వే రాస్తున్నావ్." మేం ఇండియాలో కనిపించకుండా బ్లాక్ పెట్టుకున్నాం. అది బంధువుల నుంచి కాపాడుతుంది, చట్టం నుంచి కాదు. కాబట్టి నా వీడియో చూసి దూకేయకండి, లాయర్‌కి రెండు వేలు ఇచ్చి కూర్చోండి. మైక్ కంటే ముందు కొనాల్సింది అదే.

ఇంకా ఎవరో అడిగారు, పురుగుల్ని, కోడిపిల్లల్ని తొక్కే క్లిప్స్‌కి ఎక్కువ ఇస్తారట కదా అని. ఆ మెసేజ్ నాకూ వచ్చింది, బ్లాక్ చేశాను. అమెరికాలోనే 2010లో జంతువుల్ని హింసించే క్రష్ వీడియోల మీద ప్రత్యేకంగా చట్టం తెచ్చారు. అలాంటివి అడిగేవాళ్లు ఈ చానల్ వదిలి వెళ్లిపోవచ్చు.

మరి మైక్ కొనాలా? ఇంటర్వ్యూలు, వంటల వీడియోలు తీసేవాళ్లు నిక్షేపంగా కొనుక్కోండి, మీ ఫ్యాను మాయమవుతుంది. చప్పుడు అమ్ముకునేవాళ్లు, అంటే మాలాంటివాళ్లు, గుసగుసల వీడియోలు తీసేవాళ్లు, గాజుల చప్పుడు తీసేవాళ్లు, వద్దు. ఆ రెండు ట్రాన్స్‌మిటర్ల పద్ధతి నాకెంత నచ్చినా సరే, వద్దు. కంపెనీ వాళ్లు అప్‌డేట్ ఇచ్చి ఆ లైటు ఆపితే నా సొంత డబ్బులతో కొంటాను, ఇక్కడే చూపిస్తాను. అప్పటిదాకా నాకు నా ఎన్‌టీ1, రాత్రి రెండు గంటలు.

ఇది ఇవాళే తిరిగి పంపేయాలి. గవర్నర్‌పేటలో కొరియర్ ఆఫీసు ఏడింటికి మూసేస్తారు, ఇప్పటికే ఆరున్నర. ఏవండీ, ఆ పెట్టె ఎక్కడ పెట్టారు?