కోతకు ముందు నొప్పి మందు: మొదటి డోసు తర్వాతే అసలు పని

(హైదరాబాద్‌లో హౌస్ సర్జన్లకు, స్టాఫ్ నర్సులకు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మత్తులో ఉన్న మనిషికి నొప్పి తెలియదు. వెన్నుపాముకు మాత్రం కత్తి పడ్డ కబురు అందుతూనే ఉంటుంది. మన ఊళ్లో 1888, 1889ల్లో ఆరో నిజాం హయాంలో కూర్చున్న క్లోరోఫామ్ కమిషన్లు తేల్చుకోవాలనుకున్నది మత్తులో ప్రాణం ఎలా పోతుందన్నది. నొప్పి సంగతి తర్వాత వచ్చింది. మత్తు ఇచ్చినా కోసేచోట కూడా మొద్దుబార్చాలని 1913లో అమెరికా సర్జన్ జార్జ్ క్రైల్ రాశారు. గాయం తాకిడికి వెన్నుపాములోని నరకణాలే రేగిపోతాయని 1983లో క్లిఫర్డ్ వుల్ఫ్ ఎలుకల్లో చూపించారు. అలా రేగాక దుప్పటి తగిలినా నొప్పే.

దాంతో కోతకు ముందు ఒక్క డోసు పడితే చాలనుకున్నారు. అది నిలబడలేదు. అదే మందు కోతకు ముందిచ్చినా, కుట్లప్పుడిచ్చినా చాలా మందుల్లో తేడా స్వల్పమే. ఎందుకంటే తాకిడి కోతతో ఆగదు, గాయం వాచి ఉన్నన్నాళ్లూ సాగుతుంది. మరి ముందెందుకు? మెలకువ వచ్చేసరికి మందు ఒంట్లో పనిలో ఉండాలి. అందుకు.

50 కిలోలు దాటి, కాలేయం బాగున్న పెద్దవాళ్లకు పారాసెటమాల్ 1 గ్రాము, కోతకు గంట ముందు నోటితో. "ఏం తాగొద్దన్నారు కదా సిస్టర్" అంటారు. గోలీకి రెండు గుక్కల నీళ్లతో ఇబ్బంది లేదు, మత్తు డాక్టర్‌కు చెప్పి ఇవ్వండి. ఇంటి దగ్గర పారాసెటమాల్ 650 మిల్లీగ్రాముల గోలీలు ఎన్ని వేసుకున్నారో అడగండి. ఎసిక్లోఫెనాక్ అనే నొప్పి మందు కలిపిన గోలీలోనూ పారాసెటమాల్ ఉంటుంది. అన్నీ కలిపి 24 గంటల్లో 4 గ్రాములు దాటకూడదు. పిల్లలకు ఒక్కో డోసు కిలోకు 15 మిల్లీగ్రాములు. 15 కిలోల బిడ్డకు 225 మిల్లీగ్రాములు. సిరప్ 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములు ఉండే సీసా ఒకటి, 250 ఉండేది ఒకటి. సీసా చూడకుండా కొలిస్తే డోసు రెట్టింపైనా అవుతుంది, సగమైనా అవుతుంది.

వాపు, నొప్పి తగ్గించే సెలికాక్సిబ్ 200 మిల్లీగ్రాములు తోడుగా ఇస్తే మేలే. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు, ఒంట్లో నీరు తగ్గినవాళ్లకు, గుండె బైపాస్‌కు వెళ్లేవాళ్లకు వద్దు. నరాల నొప్పికి వాడే ప్రీగాబలిన్‌ను అందరికీ రాసే అలవాటు మానుకోవాలి. నొప్పి తగ్గేది కొంచెం, మగత ఎక్కువ. పెద్దవయసువాళ్లకు దానిపైన ట్రమడాల్ (నల్లమందు తరహా నొప్పి మందు) కూడా పడితే ఊపిరి మందగిస్తుంది.

కోత గీతలో మొద్దుబార్చే మందు బ్యుపివకెయిన్ ఎక్కించేటప్పుడు లెక్క నోటితో పైకి చెప్పండి. కిలోకు 2 మిల్లీగ్రాములనుకుంటే 60 కిలోలకు 120. అంటే 0.25 శాతం మందు 48 మిల్లీలీటర్లు, 0.5 శాతమైతే 24 మాత్రమే. ప్రతిసారీ సిరంజి వెనక్కి లాగి రక్తం రావడం లేదని చూసుకోండి. రక్తంలోకి పోతే మెలకువగా ఉన్నవాళ్లు నోటి చుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు అంటారు. మత్తులో ఉన్నవాళ్లు ఏమీ చెప్పలేరు, నేరుగా గుండె లయ తప్పుతుంది. దానికి విరుగుడు 20 శాతం లిపిడ్ (కొవ్వు ద్రవం) సీసా ఓటీలో, అంటే ఆపరేషన్ గదిలో, చేతికందేచోట ఉండాలి. మొదటి మోతాదు కిలోకు 1.5 మిల్లీలీటర్లు.

పని ఎక్కువగా చెడేది ఓటీ లిస్ట్ దగ్గర. పొద్దున 6కి గోలీ ఇస్తారు, ముందు కేసు సాగి మధ్యాహ్నం 1కి పిలుస్తారు. అప్పటికి మందు దిగిపోయి ఉంటుంది. గోలీ గడియారాన్ని బట్టి కాదు, ఓటీ నుంచి పిలుపును బట్టి ఇవ్వాలి. వేసిన టైమ్ కేస్ షీట్‌లో రాయాలి.

పని చెడే రెండో చోటు పోస్టాప్ వార్డు, అంటే ఆపరేషన్ తర్వాత ఉంచే వార్డు. "ఎస్ఓఎస్", అంటే అవసరమైతేనే ఇవ్వండి అని రాస్తే మన పేషెంట్లు అడగరు. పళ్ల బిగువున ఓర్చుకుంటారు, ముఖ్యంగా ఆడవాళ్లు. పారాసెటమాల్ 6 గంటలకోసారి అని టైమ్ వేసి రాయండి. స్పైనల్ (నడుము దగ్గర ఇచ్చే మత్తు సూది) ఇచ్చిన పేషెంట్ కాలి వేళ్లు కదిపితే మత్తు దిగుతోందని అర్థం. తర్వాతి డోసు అప్పటికే పడి ఉండాలి. "నొప్పుందా" అని అడిగితే పడుకున్న మనిషి లేదంటారు. "ఒక్కసారి దగ్గమ్మా" అనండి, ముఖం చూడండి.