పసరు తిత్తి రాయి, క్లోమం వాపు: ఎండోస్కోపీ ఎప్పుడు?

శ్రోతలకు నమస్కారం. మన ఊళ్లలో పసరు తిత్తి అనే పిత్తాశయంలో తయారైన చిన్న రాయి జారి, పిత్తనాళం చిన్నపేగులోకి తెరుచుకునే సన్నని ద్వారం దగ్గర ఇరుక్కుంటే, అక్కడికే చేరే క్లోమనాళానికి కూడా అడ్డుపడి క్లోమగ్రంథి వాస్తుంది. పైకడుపులో మొదలై వీపులోకి పొడిచే ఆ నొప్పిని గ్యాస్ అనుకుని, సోడా తాగి తెల్లవారేదాకా ఓర్చుకునేవారు ఎందరో.

ములుగు నుంచో భూపాలపల్లి నుంచో రాత్రికి రాత్రి రోగిని వరంగల్‌కు తెచ్చిన బంధువులు వార్డు బయట అడిగే మొదటి ప్రశ్న ఒకటుంది: "స్కానింగుల రాయి కనబడ్డది గదా సార్, పైపు ఏసి ఇప్పుడే ఎందుకు తీస్తలేరు?"

ఆ పైపు చికిత్స పేరు ఈఆర్‌సీపీ. నోటి గుండా ఎండోస్కోపును చిన్నపేగు మొదటి భాగం దాకా పంపి, కరెంటుతో కోసే సన్నని తీగతో ఆ ద్వారాన్ని కాస్త వెడల్పు చేసి, బెలూనుతోనో చిన్న బుట్టతోనో రాయిని పేగులోకి లాగుతారు. 1974 నుంచి వాడుకలో ఉన్న ఈ పద్ధతి మంచిదే, కానీ కొందరిలో దీనివల్లనే క్లోమం వాస్తుంది, రక్తస్రావమూ కావచ్చు. పైగా చాలా రాళ్లు వాటంతట అవే పేగులోకి జారిపోతాయి. నెదర్లాండ్స్‌లో జబ్బు ముదిరే సూచనలున్నా పిత్తనాళంలో ఇన్ఫెక్షన్ లేని 232 మందిని పరిశీలించి 2020లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, మరణం లేదా పెద్ద ఇబ్బందులు ఎదురైనవారు 24 గంటల్లోపు ఈఆర్‌సీపీ చేసిన వర్గంలో 38 శాతం, వేచి చూసిన వర్గంలో 44 శాతం; ఆ తేడా గణాంకాల లెక్కకు నిలవలేదు. కాబట్టి మొదటి రోజు సెలైను, నొప్పి మందు, దగ్గరుండి గమనించడం, ఇవే అసలు వైద్యం.

నాళంలో చీము పట్టినప్పుడు మాత్రం లెక్క మారుతుంది. వణుకుతో జ్వరం, కామెర్లు, నొప్పి కలిసి వస్తే 24 గంటల్లోపు దారి తెరవాలి. బీపీ పడిపోతుంటే అంతకంటే ముందే. కళ్లు పచ్చబడగానే పసరు మందు కోసం ఊళ్లు తిరిగే అలవాటు మనది. ఆ తిరుగుడులో కరిగిపోయేవి సరిగ్గా ఈ గంటలే. జ్వరం లేకున్నా కామెర్లు తగ్గకపోతే పిత్తనాళాలను చూపే ఎమ్మారై పరీక్ష, అంటే ఎమ్మార్‌సీపీ స్కానింగుతో నాళంలో రాయి ఉందో లేదో తేల్చుకుని ముందుకు వెళ్తారు.

నాళంలోని రాయి పోయినా తిత్తిలో మిగతావి ఉంటాయి. వాపు స్వల్పమైతే, పత్తి తీసినంక వస్తామని ఇంటికి వెళ్లకుండా, అదే అడ్మిషన్‌లో తిత్తిని తీయించుకోవడం మేలు. వాపు తీవ్రమైన వారికి మాత్రం క్లోమం చుట్టూ చేరిన నీరు తగ్గేదాకా ఆ ఆపరేషన్‌ను కొన్ని వారాలు ఆపక తప్పదు.