ముందు తెరుచుకునే రెక్క

అందరికీ నమస్కారం. ఆర్కిటెక్చర్ విద్యార్థులు, సైట్ ఇంజనీర్లు, డ్రాఫ్టింగ్ చేసేవాళ్ళు ఇలా ఒకే గదిలో కూర్చోవడం అరుదు. అందుకని అందరికీ పనికొచ్చే ఒకే ఒక్క వస్తువు గురించి మాట్లాడతాను. రెండు రెక్కల తలుపు. భవనాలకు త్రీడీ మోడల్ చేసే సాఫ్ట్‌వేర్ రెవిట్‌లో దాన్ని ఎలా తయారు చేస్తాం, ఎక్కడ పొరపాటు పడతాం, అదీ సంగతి.

కొన్నేళ్ళ కిందట ఒక చిన్న ఆసుపత్రికి మోడల్ చేశాను. వార్డు తలుపులకు 1200 మిల్లీమీటర్ల ఓపెనింగ్ అన్నారు. లైబ్రరీలో ఉన్న డబుల్ డోర్ ఫ్యామిలీ, అంటే కొలతలు మార్చుకోగల రెడీమేడ్ తలుపు నమూనా, తీసుకుని, వెడల్పు 1200 కొట్టి, గోడలో పెట్టేశాను. ప్లాన్‌లో రెండు పావు వృత్తాలు అద్దంలో బొమ్మల్లా పడ్డాయి. ఎవరూ ఏమీ అనలేదు. కట్టడం అయిపోయాక ఒకరోజు అటు వెళ్ళాను. వార్డు గుమ్మం ముందు స్ట్రెచర్ ఆగిపోయి ఉంది. ఒక రెక్క తెరిచే ఉంది. రెండో రెక్కకు పైనా కిందా టవర్ బోల్టులు వేసేసి ఉన్నాయి. వార్డు బాయ్ స్ట్రెచర్ వదిలేసి, మునివేళ్ళ మీద నిలబడి పై బోల్టు లాగాడు. వంగి కింది బోల్టు ఎత్తాడు. అప్పుడు లోపలికి తోశాడు. స్ట్రెచర్ మీద ఒక పెద్దావిడ నొప్పితో కళ్ళు మూసుకుని ఉంది. ఆవిడ అక్కడ ఆగిన ఆ అర నిమిషం నేను గీసిన గీతల వల్లే.

లెక్క వేస్తే ఎక్కడ దెబ్బతిన్నామో తెలుస్తుంది. 1200లో ద్వారబంధానికి రెండు పక్కలా 60 చొప్పున 120 పోతే మిగిలింది 1080. బందుల దగ్గర, మధ్యలో మూడేసి మిల్లీమీటర్ల సందులు తీసేస్తే 1071. రెండు రెక్కలకు పంచితే ఒక్కోటి 535 చిల్లర. ఆ రెక్క తొంభై డిగ్రీలు తెరుచుకున్నా దాని మందం దారిలోకే వస్తుంది. చివరికి మనిషికి మిగిలేది 500 దగ్గర. షెడ్యూల్‌లో, అంటే తలుపుల పట్టికలో, మాత్రం 1200 అని నిక్షేపంగా ఉంటుంది. వీల్‌చెయిర్‌కు కావలసిన 900 దారి ఎక్కడుంది?

ఇక్కడే నా మాట. సాఫ్ట్‌వేర్‌కు రెండు రెక్కలూ ఒకటే. వాడే మనిషికి కాదు. కోనసీమలో పాత మండువా ఇళ్ళు చూసినవాళ్ళు గుర్తు తెచ్చుకోండి. మా అమ్మమ్మగారింట్లో వీధి తలుపు కుడి రెక్క పొద్దున తెరిస్తే రాత్రిదాకా తెరిచే ఉండేది. ఎడమ రెక్క గడియ తీసేది ధాన్యం బస్తాలు వచ్చినప్పుడు, మంచం బయటికి తీసినప్పుడు, ఇంట్లో పెళ్ళి జరిగినప్పుడు. కుడి రెక్క అంచు చేతులు తగిలి తగిలి నున్నగా అయిపోయింది. ఎడమ రెక్క మీద రంగు అలాగే ఉంది. ఒక తలుపు, రెండు రెక్కలు, రెండు జీవితాలు.

అసలు ఆ ఇళ్ళకు రెండు రెక్కలు ఎందుకు పెట్టారంటే, అందం ఒక్కటే కారణం కాదు. రెక్క వెడల్పు సగమైతే బరువు సగమవుతుంది, బందు నుంచి ఆ బరువు కేంద్రం దూరమూ సగమవుతుంది. పై బందును లాగే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. నాలుగడుగుల టేకు రెక్క ఒక్కటే పెడితే కొన్నేళ్ళకు కిందికి వాలి గడపకు రాసుకుంటుంది. పైగా వసారా ఇరుకైతే చిన్న రెక్క తిరగడానికి తక్కువ చోటు చాలు. వడ్రంగులు ఈ లెక్క కాగితం మీద వేయలేదు, చేత్తో తెలుసుకున్నారు.

సరే, ఇప్పుడు రెవిట్‌లోకి వద్దాం. లైబ్రరీ ఫ్యామిలీలో సాధారణంగా సెంటర్ రిఫరెన్స్ ప్లేన్‌కు, అంటే కొలతలకు ఆధారంగా వేసుకునే మధ్య తలానికి, రెండు పక్కలా దూరం సమానంగా ఉంచే ఈక్వల్ కన్‌స్ట్రెయింట్ పెట్టి, రెక్కలు అక్కడే కలిసేలా చేస్తారు. ఓపెనింగ్ తన మధ్య గీతకు అటూ ఇటూ సమానంగా పెరగడానికి ఆ ఈక్వల్ కావాలి, దాన్ని తీయకండి. రెక్కలు కలిసే చోటుకు మాత్రం వేరే రిఫరెన్స్ ప్లేన్ వేయండి. ద్వారబంధం లోపలి అంచు నుంచి దానికి కొలత ఇచ్చి, ఆ కొలతను ముందు తెరుచుకునే రెక్క వెడల్పు అనే పారామీటర్, అంటే తర్వాత మార్చుకోగల విలువ, చేయండి. రెండో రెక్క వెడల్పు ఫార్ములాతో దానంతటదే రావాలి: మొత్తం వెడల్పులోంచి ఫ్రేములు, సందులు, మొదటి రెక్క తీసేయగా మిగిలింది. ఓపెనింగ్ 1500 పెట్టి మొదటి రెక్కకు 960 ఇస్తే రెండోది 411 వస్తుంది. మొదటి రెక్క ఒక్కటే తెరిచినా దారి 900 పైనే ఉంటుంది. స్ట్రెచర్ అందులోంచే వెళ్ళిపోతుంది. మంచం కదిలించాల్సి వస్తేనే రెండో రెక్క జోలికి పోవాలి.

మధ్యలో ఒక రెక్క అంచు రెండో దాని మీదికి ఎక్కేలా మెట్టు కోస్తారు కదా, ఆ ఎక్కుడు ఎంతో అంత ఒక రెక్క కొలతకు కలపాలి. కలపకపోతే వడ్రంగికి వెళ్ళే కటింగ్ లిస్టులో పలక తక్కువ పడుతుంది. ఏ రెక్క ముందు మూయాలో ఆ మెట్టే చెబుతుంది. తమంతట తామే మూసుకునే ఫైర్ డోర్లకైతే ఇది ప్రాణాల మీది విషయం. ఎక్కాల్సిన రెక్క ముందు మూసుకుంటే రెండోది దానికి తన్ని ఆగిపోతుంది, పొగ లోపలికి వస్తుంది. అందుకే వాటికి పైన, ఒకదాని తర్వాత ఒకటి మూసుకునేలా పట్టి ఉంచే కోఆర్డినేటర్ బిగిస్తారు. మోడల్‌లో దాని బొమ్మ లేకపోయినా షెడ్యూల్‌లో పేరు ఉండి తీరాలి.

రెక్కను వేరే ఫ్యామిలీగా చేసి లోపలికి తెచ్చుకోవడం మంచి పద్ధతి. తిరిగేలా చేయాలంటే రిఫరెన్స్ ప్లేన్ వాడకండి, కొసలు ఉండే రిఫరెన్స్ లైన్ వాడండి. దాని ఒక కొసను బందు దగ్గర ఒకదాన్నొకటి కోసుకునే రెండు ప్లేన్లకూ అలైన్ చేసి లాక్ చేయాలి. ఒక్కదానికే చేస్తే కోణం మార్చగానే రెక్క బందు వదిలేసి గోడలోకి వెళ్ళిపోతుంది. కొత్తవాళ్ళు టెన్షన్ పడేది ఇక్కడే. కోణం ఒక్కో తలుపుకు విడిగా మారే ఇన్‌స్టన్స్ పారామీటర్‌గా, వెడల్పులు ఆ రకం తలుపులన్నిటికీ ఒకటే అయిన టైప్ పారామీటర్లుగా ఉంచండి. ప్లాన్‌లో త్రీడీ రెక్కను దాచేసి గుర్తుగా మాత్రమే కనిపించే సింబాలిక్ గీతలతో చాపం గీస్తాం. ఆ చాపాలు కూడా ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయి ఉండాలి. ప్లాన్ చూసే మేస్త్రీకి మన పారామీటర్లు కనిపించవు, చాపమే కనిపిస్తుంది.

ఇక దారి వెడల్పు. దీన్ని ఫ్యామిలీ బయట కూడా చదవగలిగే షేర్డ్ పారామీటర్‌గా పెట్టండి, అప్పుడే ప్లాన్‌లో తలుపు పక్కన పడే ట్యాగ్‌లోనూ షెడ్యూల్‌లోనూ వస్తుంది. రెండు విలువలు పెట్టండి: ఒక రెక్క తెరిస్తే ఎంత, రెండూ తెరిస్తే ఎంత. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 ప్రకారం ఎగ్జిట్ తలుపు 1000 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, జనం గుమిగూడే హాళ్ళలో అయితే 2000కు తగ్గకూడదు. ఫంక్షన్ హాల్‌కు 2000 ఓపెనింగ్ చూపించి, ఒక రెక్కకు బోల్టు వేసి ఉంచితే ఆ అంకెకు అర్థం లేదు. లోపలి మనిషి తోయగానే తెరుచుకునే పానిక్ బార్ రెండు రెక్కలకూ ఉండాలి. అక్కడ మాత్రం రెండూ సమానమే, రెండూ ముందు తెరుచుకునేవే.

తలుపును అటూ ఇటూ మార్చే ఫ్లిప్ బాణాలు నొక్కి చూడటం మరచిపోకండి. అడ్డంగా ఫ్లిప్ చేస్తే పెద్ద రెక్క అటు పక్కకు పోతుంది. ప్లాన్‌లో అది స్విచ్ బోర్డు ఉన్న గోడ వైపు తెరుచుకుంటే, లైటు వేయడానికి రోజూ తలుపు వెనక్కి చెయ్యి పెట్టాలి.

ఇప్పుడు తెర మీద ఖాళీ డోర్ టెంప్లేట్ తెరుస్తున్నాను. వెనక వరుసలో ఉన్నవాళ్ళు కొంచెం ముందుకు రండి. మొదట రెక్కలు కలిసే ప్లేన్ వేద్దాం.